చిన్న గౌరామీల్లో మీ ఇంటికి ఏది సరిపోతుంది: హనీ, డ్వార్ఫ్, స్పార్క్లింగ్

ఇంట్లో ట్యాంక్‌లో పెంచే గౌరామి అనే చేపల్లో చిన్న రకం పెంచుకుందామనుకునే వాళ్లలో ఎక్కువమంది షాపులో రంగు చూసి ఎంచుకుంటారు. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు ఉండేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ముందు మీ ఇంట్లో నల్లా నీళ్లు వస్తున్నాయా, బోరు నీళ్లేనా చూసుకోండి, మే నెలలో ట్యాంక్ పెట్టబోయే గది ఎంత వేడెక్కుతుందో చూసుకోండి, ఆ తర్వాతే చేప సంగతి. ఆ రెండూ చూసుకుంటే ఇక్కడి చాలా ఇళ్లకు హనీ గౌరామి సరైనదని నా గట్టి అభిప్రాయం. డ్వార్ఫ్ గౌరామి అందంలో దాన్ని మించుతుంది, నిజమే, కానీ దాన్ని తెచ్చుకునే ముందు తెలుసుకోవాల్సిన విషయాలు చాలా ఉన్నాయి. ఇక స్పార్క్లింగ్ గౌరామి అందరికీ పనికొచ్చేది కాదు, కొందరికి మాత్రం అంతకంటే మంచి చేప దొరకదు.

అసలు ఈ జాతి మన దగ్గరకు ఎందుకు సరిపోతుందో ముందు చెప్పాలి. కొర్రమీను మనందరికీ తెలిసిన చేపే, తెలంగాణ రాష్ట్ర చేప కూడా. చెరువు ఎండిపోతూ బురద నీళ్లు మిగిలినా అది బతికి ఉండేది పైకొచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి. గౌరామీలకు దానితో దూరపు చుట్టరికం ఉంది. వీటికి మొప్పల పైభాగంలో మడతలు మడతలుగా లాబిరింత్ అనే అవయవం ఉంటుంది, నోటితో పైనుంచి గాలి తీసుకుని దాని ద్వారా ఆక్సిజన్ పట్టుకుంటాయి. అందుకే ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి ఎయిర్ పంప్ ఆగిపోయి, నీళ్లు వేడెక్కి వాటిలో ఆక్సిజన్ తగ్గిపోయినప్పుడు, పక్కనున్న టెట్రాల్లాంటి చిన్న చేపలు పైకి చేరి నోళ్లు తెరుస్తుంటే గౌరామీలు అంత కంగారు పడవు. ఈ మాట పట్టుకుని ఎవరైనా "గౌరామికి ఫిల్టర్ అక్కర్లేదు, గాజు బౌల్ చాలు" అంటే మాత్రం నమ్మకండి. గాలి పీల్చినంత మాత్రాన చేపల వ్యర్థాల వల్ల నీళ్లలో పేరుకునే అమ్మోనియా అనే విషం నుంచి ఏ చేపా తప్పించుకోలేదు. బౌల్‌లో నీళ్లు తక్కువ, అమ్మోనియా తొందరగా పెరుగుతుంది, మన ఎండకు తొందరగా ఉడుకుతుంది కూడా.

ఇంకో సంగతి, నీటి మట్టానికీ మూతకీ మధ్య రెండు మూడు అంగుళాల ఖాళీ వదలాలి, గాలి ఆడాలి. అంచు దాకా నింపి మూత బిగించేస్తే వీటికి పీల్చుకోవడానికి గాలి ఉండదు.

డ్వార్ఫ్ గౌరామి

దీన్ని చూసి ఇష్టపడకుండా ఉండటం కష్టం. మగ చేపకు ఎర్రటి చారల మధ్య మెరిసే నీలం, ఏడెనిమిది సెంటీమీటర్ల ఒళ్లు. షాపుల్లో పౌడర్ బ్లూ, నియాన్ బ్లూ, ఫ్లేమ్ రెడ్ అని రకరకాల పేర్లతో కనిపించేవన్నీ ఈ ఒక్క జాతివే, రంగు కోసం ఎంచి పెంచినవి. పుట్టిల్లు మన దేశమే, గంగ, బ్రహ్మపుత్ర పరీవాహక ప్రాంతాల్లో నెమ్మదిగా పారే, మొక్కలు నిండిన నీళ్లు. పైన మొక్క మీద వాలిన పురుగును నోటితో నీటిచుక్క చిమ్మి పడగొట్టే అలవాటు కూడా దీనికుంది, అలా చేయడం చూసినవాళ్లు మర్చిపోలేరు.

మరి ఇబ్బంది ఎక్కడ? మొదటిది, వైరస్. డ్వార్ఫ్ గౌరామి ఇరిడోవైరస్ అని ఒకటుంది, పెద్ద ఎత్తున ఫారాల్లో పెంచి ఎగుమతి చేసే చేపల్లో ఇది పాకిపోయింది. సోకిన చేప షాపులో బాగానే కనిపిస్తుంది, ఇంటికొచ్చాక కొన్ని వారాలకు రంగు వెలిసిపోతుంది, తిండి మానేస్తుంది, పొట్ట ఉబ్బుతుంది, ఒంటి మీద పుండ్లు లేస్తాయి, మూలన ఒదిగి, చివరకు చచ్చిపోతుంది. దీనికి మందు లేదు. షాపులో ఇచ్చే నీలం మందు, పసుపు మందు, ఉప్పు ఏవీ వైరస్ మీద పనిచేయవు, డబ్బు దండగ. "నీళ్లన్నీ బాగానే ఉన్నాయి, మిగతా చేపలు బాగున్నాయి, డ్వార్ఫ్ మాత్రమే ఎందుకు పోయింది" అని బాధపడే వాళ్లను చూస్తుంటాను, చాలాసార్లు వాళ్ల తప్పేమీ ఉండదు.

రెండోది, మగవాటి గొడవ. ఆడ డ్వార్ఫ్ వెండి రంగులో వెలవెలబోతూ ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ కొనరు, అందుకని షాపులకు వచ్చేవి దాదాపు అన్నీ మగవే. జంట అని చెప్పి రెండు మగవాటిని అంటగడతారు. రెండడుగుల ట్యాంక్‌లో రెండు మగ డ్వార్ఫ్‌లు వేస్తే బలమైనది రెండోదాన్ని ఒక మూలకు తరిమి, పైకి గాలికి కూడా రానివ్వకుండా వెంటపడుతుంది. కాబట్టి డ్వార్ఫే కావాలనుకుంటే ఒక్కటే మగది పెట్టుకోండి, ఒంటరిగా ఉండటానికి దానికేమీ అభ్యంతరం లేదు. ఆడది దొరికితే జంటగా పెట్టండి, దాక్కోవడానికి దట్టంగా మొక్కలు ఉండాలి. మగది నీటి పైన బుడగలతో గూడు కడుతుంది, మొక్కల ముక్కలు తెంపి అందులో అల్లుతుంది, గుడ్లు పెట్టాక కాపలా కాస్తూ ఆడదాన్ని కూడా తరిమేస్తుంది, ఆ సమయంలో ఆడదాన్ని వేరే ట్యాంక్‌లోకి మార్చకపోతే దెబ్బలు తింటుంది.

హనీ గౌరామి

ఐదు సెంటీమీటర్ల చేప, తేనె రంగు. షాపులో చూస్తే చప్పగా ఉంటుంది, బిత్తరపోయి తెల్లగా పాలిపోయి ఒక మూలన ఉంటుంది కాబట్టి ఎవరి కళ్లూ దాని మీద పడవు. ఇంటికి తెచ్చి మొక్కలున్న ట్యాంక్‌లో వేసి కొన్ని వారాలు ఓపిక పడితే మగది ముదురు నారింజ రంగులోకి తిరుగుతుంది, జతకట్టే సమయంలో గొంతు నుంచి పొట్ట కింద దాకా ముదురు నీలం నలుపు రంగు పాకుతుంది. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగా ప్రాంతపు చేపలను వర్ణించినప్పుడు ఈ మగ, ఆడ చేపలను రెండు వేర్వేరు జాతులుగా రాశాడంటే తేడా ఎంతుంటుందో ఊహించుకోండి.

నేను దీనివైపు మొగ్గడానికి కారణం దాని గుణం. మగవి ఒకదాన్నొకటి కాస్త తరుముకుంటాయి కానీ డ్వార్ఫ్‌లా ప్రాణం మీదకు తెచ్చుకునేంత గొడవ మామూలుగా ఉండదు. ఒక మగ, రెండు ఆడ చేపలను రెండడుగుల ట్యాంక్‌లో హాయిగా పెట్టుకోవచ్చు, మూడడుగుల ట్యాంక్ ఉంటే ఐదారు పెట్టుకోవచ్చు, గుంపుగా ఉంటే వాటి భయం కూడా పోతుంది. నీళ్ల విషయంలో పట్టువిడుపు ఎక్కువ, 22 నుంచి 28 డిగ్రీల వరకు సర్దుకుంటుంది, ఓ మోస్తరు గట్టి నీళ్లను, అంటే లవణాలు ఎక్కువున్న నీళ్లను తట్టుకుంటుంది. డ్వార్ఫ్‌ను పట్టి పీడించే వైరస్ బెడద దీని విషయంలో అంతగా వినబడదు. తిండికి పేచీ పెట్టదు, నోరు చిన్నది కాబట్టి సన్నటి గుళికలు వేస్తే చాలు. తోడుగా వేసే చేపలు మాత్రం నెమ్మదస్తులై ఉండాలి, తిండి కోసం ఎగబడే చేపలతో వేస్తే ఇది వెనకే ఉండిపోయి ఎండిపోతుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. థిక్ లిప్ గౌరామి అని దీనికి దగ్గరి జాతి ఒకటుంది, దాని నారింజ రకాన్ని "సన్‌సెట్ హనీ" లాంటి పేర్లతో హనీ అనే అమ్ముతారు. అది ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ఒళ్లు బలంగా, మూతి మొద్దుగా ఉంటుంది. చెడ్డ చేపేమీ కాదు, కానీ మీరు చిన్న ట్యాంక్ లెక్కేసుకుని తెచ్చుకుంటే ఇరుకైపోతుంది. అసలు హనీ సన్నగా, మూతి కోసుగా ఉంటుంది. వయసొచ్చిన చేపే ఆరు సెంటీమీటర్లు దాటి కనిపిస్తే అనుమానించండి.

స్పార్క్లింగ్ గౌరామి

నాలుగు సెంటీమీటర్లు కూడా దాటదు. థాయిలాండ్, కంబోడియా, వియత్నాం వైపు మొక్కలు నిండిన నిలవ నీళ్లలో ఉండేది. కళ్లు నీలంగా మెరుస్తాయి, రెక్కల మీద చుక్కలు. దీని ప్రత్యేకత శబ్దం. ముందు రెక్కల దగ్గరి కండరాలు, వాటికి అంటుకుని ఉండే స్నాయువులతో టకటకమని చిన్నగా శబ్దం చేస్తుంది, రాత్రి ఇల్లు సద్దుమణిగాక ట్యాంక్ దగ్గర కూర్చుంటే బయటికి వినిపిస్తుంది. ఒకటిన్నర అడుగుల ట్యాంక్‌లో నాలుగైదు చేపలు, సగానికి పైగా మొక్కలు, అంతే, ఇంకేమీ వేయకూడదు. అద్దె గదిలో ఉండేవాళ్లకు, బల్ల మీద చిన్న ట్యాంక్ చాలనుకునే వాళ్లకు నేను దీన్నే చెబుతాను.

కానీ వచ్చిన చుట్టాలకు చూపించడానికి ట్యాంక్ కావాలనుకుంటే ఇది వద్దు, చాలాసేపు ఆకుల వెనకే ఉంటుంది. పొడి తిండి మొదట్లో ముట్టదు, కదిలే తిండి కావాలి, అంటే ఆర్టీమియా పిల్లలు, డాఫ్నియా, దోమ పిల్లలు. నీళ్లు కూడా మెత్తగా ఉండాలి, మిగతా రెండింటికన్నా దీనికి ఆ పట్టింపు ఎక్కువ. పైగా మన జిల్లాల షాపుల్లో మామూలుగా కనిపించదు, హైదరాబాద్‌లో అడిగి తెప్పించుకోవాలి.

చాక్లెట్ గౌరామి, లికొరిస్ గౌరామి అని ఇంకా అపురూపమైనవి కూడా ఉన్నాయి. వాటికి దాదాపు వాననీళ్లంత మెత్తటి, పులుపు తిరిగిన నీళ్లు కావాలి. మొదటిసారి పెంచేవాళ్లు వాటి జోలికి వెళ్లొద్దు.

నీళ్ల సంగతి

నల్లగొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, నీళ్లలోంచి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతికే నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. చేపను ఎంచుకునేటప్పుడు మాత్రం మీరు ముందుగా చూడాల్సింది నీటి గట్టితనం. రాతి నేలలో లోతుకు వేసిన బోర్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు బాగా ఉంటాయి, బకెట్ అడుగున, గీజర్ లోపల కట్టే తెల్లటి పొర అదే. కొన్ని వందలు పెట్టి, నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపే టీడీఎస్ మీటర్ ఒకటి కొనండి, చేప కన్నా ముందు అదే కొనండి. అది గట్టితనాన్ని నేరుగా చూపించదు, కానీ మన బోరు నీళ్లకు అంచనా వేసుకోవడానికి పనికొస్తుంది.

నా లెక్క ఇలా ఉంటుంది. మీటర్ 200 లోపు చూపిస్తే మూడు చేపల్లో ఏదైనా సరే. 200 నుంచి 400 మధ్య అయితే హనీ, డ్వార్ఫ్ పర్వాలేదు. అంతకు మించితే నీళ్లు కలుపుకోవాలి. మిషన్ భగీరథ కింద వచ్చే కృష్ణా నీళ్లు మీ నల్లాకు వస్తుంటే మీ పని చాలా తేలిక, బోరు కన్నా అవి మెత్తగా ఉంటాయి, కాకపోతే వాటిలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి నేరుగా పోయకూడదు. ఒక రోజంతా బకెట్‌లో మూత లేకుండా ఉంచండి, లేదా షాపులో దొరికే యాంటీ క్లోరిన్ వేయండి. సంపులో నల్లా నీళ్లూ బోరు నీళ్లూ కలిసిపోయే ఇళ్లలో మాత్రం మీటర్ పెట్టకుండా ఏదీ అనుకోవద్దు, ఈ వారం ఒక రకం, వచ్చే వారం ఇంకో రకం ఉంటాయి, చేపకు ఆ మార్పే ఎక్కువ కష్టం.

బోరు తప్ప వేరే దిక్కు లేకపోతే వాటర్ ప్లాంట్ నుంచి ఇరవై లీటర్ల క్యాన్ తెచ్చి కలుపుకోండి. బోరు 800, క్యాన్ నీళ్లు 50 చూపిస్తున్నాయనుకుందాం, ఒక బకెట్ బోరుకు మూడు బకెట్ల క్యాన్ నీళ్లు కలిపితే 240 దగ్గరకు వస్తుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంక్‌లో పట్టేది యాభై అయిదు లీటర్లే, వారానికి పావు వంతు మార్చితే చాలు, అంటే వారానికి పది లీటర్ల చిల్లర క్యాన్ నీళ్లు. ఉత్త క్యాన్ నీళ్లతో, అంటే ఆర్వో నీళ్లతో మాత్రం ట్యాంక్ నింపకండి, అందులో లవణాలు లేక పీహెచ్, అంటే నీళ్ల పులుపు కొలత, నిలకడగా ఉండదు. ఇంత కలుపుకునే ఓపిక లేదు, బోరు 1000 దాటి చూపిస్తోంది అంటే చిన్న గౌరామి వదిలేసి మోలీలు పెట్టుకోండి, అవి గట్టి నీళ్లలోనే ఆరోగ్యంగా ఉంటాయి. గౌరామే కావాలంటే బ్లూ గౌరామి చాలా మొండిది, తట్టుకుంటుంది, కానీ అది 12 సెంటీమీటర్లు దాటుతుంది, మూడడుగుల ట్యాంక్ ఉండాలి, చిన్న చేపలను బెదిరిస్తుంది.

ఎండాకాలం, కరెంటు

ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండలో ఎండ 43, 44 డిగ్రీలు కొట్టినప్పుడు రేకుల గదిలో, పై అంతస్తు గదిలో ట్యాంక్ నీళ్లు 32, 33కి సులువుగా వెళ్తాయి. గౌరామి కొన్నాళ్లు ఓర్చుకుంటుంది, కానీ అంత వేడిలో ఉంటే వాటి జీవితం తగ్గుతుంది, జబ్బులు వేగంగా ముదురుతాయి, ముందే వైరస్ మోస్తున్న డ్వార్ఫ్ అయితే పడిపోయేది ఈ నెలల్లోనే. ట్యాంక్‌ను కింది అంతస్తులో, పడమటి గోడకు దూరంగా పెట్టండి. నీటి పైభాగం మీదుగా వీచేలా ఒక చిన్న ఫ్యాన్ పెట్టి, మూత తీసి వల కప్పండి, ఎందుకంటే ఇవి ఎగిరి దూకుతాయి. కుండలో నీళ్లు చల్లబడినట్టే ఆవిరి పోతూ ట్యాంక్ నీళ్లు రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి, మన పొడి ఎండలో ఇది తీర ప్రాంతాల్లో కన్నా బాగా పనిచేస్తుంది. ఆవిరైన నీళ్ల బదులు క్యాన్ నీళ్లే పోయండి. నీరు ఆవిరైపోయినా లవణాలు ట్యాంక్‌లోనే ఉండిపోతాయి, మళ్లీ మళ్లీ బోరు పోస్తే నెలకల్లా మీటర్ అంకె బాగా పెరిగిపోతుంది. ఐసు గడ్డలు నేరుగా వేయకండి, ఒక్కసారిగా చల్లబడితే చేప దెబ్బతింటుంది.

చలికాలానికి ఒక్క మాట, డిసెంబర్ రాత్రుల్లో డ్వార్ఫ్, స్పార్క్లింగ్‌కు హీటర్ తప్పనిసరి, రెండడుగుల ట్యాంక్‌కు 50 వాట్లది 26 దగ్గర పెడితే సరిపోతుంది. హనీకి కూడా ఉంటే మంచిదే.

కరెంటు గంటలకొద్దీ పోయినప్పుడు చేప గాలి పీల్చి నెట్టుకొస్తుంది కానీ ఫిల్టర్ స్పాంజ్‌లో ఉండి అమ్మోనియాను తగ్గించే బ్యాక్టీరియా ఆక్సిజన్ లేక చచ్చిపోతుంది. అరపూట మించి ఆగిపోతే, తిరిగి ఆన్ చేసే ముందు స్పాంజ్‌ను ట్యాంక్‌లోంచి తీసిన నీళ్లలో ఒకసారి పిండండి, ఆ రోజు తిండి వేయకండి. నల్లా కింద కడగొద్దు, ఉన్న బ్యాక్టీరియా కూడా క్లోరిన్‌కు పోతుంది.

ట్యాంక్, తోడు చేపలు, కొనడం

మూడింటికీ నెమ్మదిగా కదిలే నీళ్లు కావాలి, ఎయిర్ పంప్‌తో నడిచే స్పాంజ్ ఫిల్టర్ చాలు, పెద్ద పవర్ ఫిల్టర్ పెడితే నీటి పైన గూడు నిలవదు. పైన తేలే మొక్కలు ఉంటే చేపకు ధైర్యం వస్తుంది, అంతర తామర, సాల్వీనియా రెండూ బాగుంటాయి. చెరువులోంచి తెచ్చే మొక్కల వేళ్లలో తూనీగ పిల్లలు దాక్కుని వస్తాయి, అవి చిన్న చేపలను పట్టి తినేస్తాయి, అందుకని కొన్నాళ్లు విడిగా బకెట్‌లో ఉంచి చూశాకే వేయండి. కొత్త ట్యాంక్‌లో ఆ బ్యాక్టీరియా పెరిగేలా ఫిల్టర్ నడిపిస్తూ, చేపలు వేసే ముందు నాలుగు నుంచి ఆరు వారాలు సిద్ధం చేయాలి, ఈ విషయంలో ఎవరు తొందరపెట్టినా ఆగండి.

తోడుగా హార్లెక్విన్ రాస్బోరా, ఎంబర్ టెట్రా, అడుగున కోరిడోరాస్ బాగుంటాయి. టైగర్ బార్బ్ వద్దు, గౌరామికి కింద మీసాల్లా వేలాడే రెక్కలను కొరికేస్తుంది. గోల్డ్‌ఫిష్ వద్దు, ఏంజెల్ వద్దు, బెట్టా అసలే వద్దు, అది కూడా ఇదే కుటుంబం వైపు చేప, పోట్లాడుకుంటాయి. రెండు రకాల గౌరామీలను కూడా చిన్న ట్యాంక్‌లో కలపకండి.

షాపులో చేపకు తిండి వేయమని అడగండి, మీ ముందే తినాలి. పొట్ట లోపలికి పోయినా, ఉబ్బినా, ఒకటే మూలన కదలకుండా ఉన్నా, అదే ట్యాంక్‌లో చచ్చిన చేప కనిపించినా, డ్వార్ఫ్ అయితే మరీ, ఖాళీ చేతులతో తిరిగొచ్చేయండి. తెచ్చినవాటిని నాలుగు వారాలు విడి ట్యాంక్‌లో ఉంచాకే పాతవాటితో కలపండి. హైదరాబాద్ నుంచి తెచ్చుకునేవాళ్లు ఏప్రిల్, మే నెలలు మానుకుంటే మంచిది. ఎప్పుడు తెచ్చినా సంచిలో నీళ్లు మూడో వంతు, మిగతాది గాలి ఉండాలి, సంచిని థర్మకోల్ పెట్టెలో పెట్టి, బస్సులో ఇంజిన్ దగ్గర కాకుండా కూర్చోండి.

పెంచలేక వదిలేయాల్సి వస్తే చెరువులో, కాలువలో మాత్రం వేయకండి. ఆస్ట్రేలియాలో 2003లో మర్రే కాడ్ అనే అక్కడి చేప పిల్లలను చంపిన వైరస్‌కూ డ్వార్ఫ్ గౌరామి వైరస్‌కూ చాలా దగ్గరి పోలిక ఉందని పరిశోధకులు తేల్చారు. మన చెరువుల మీద బతికే వాళ్లు ఎంతమందో మీకు తెలుసు. షాపువాళ్లను అడిగితే చాలామంది తిరిగి తీసుకుంటారు, లేదంటే ట్యాంక్ ఉన్న తెలిసినవాళ్లకు ఇచ్చేయండి.